శ్వాసకర్త మీద కాపలా

చంద్రుడి మీది శిలానగరంలో పొద్దున్నే లేచి ఎవరైనా చేసే మొదటి పని గోడ తెర వంక చూడటం. గాలి వస్తోందా లేదా అని. ముక్కుంది కదా, పీల్చి చూసుకోవచ్చుగా అంటే వినే నాథుడు లేడు.

ఆ గాలిని పంచేది శ్వాసకర్త అనే యంత్రం. ఏ గదిలో ఎందరున్నారు, ఎవరి ఊపిరితిత్తులు ఎంత లాగుతున్నాయి అని లెక్కగట్టి, ఆ గదికి అంత గాలే వదులుతుంది. ఈ లెక్కలన్నీ చేసేది దాని గణనకేంద్రం, అంటే సీపీయూ. ఉన్నది ఒక్కటే. భూమి నుంచి ఇంకొకటి మంజూరై రావాలంటే ఏళ్ళు పడుతుంది.

వారం నుంచీ శ్వాసకర్తది నత్తనడక. ఆస్పత్రి వార్డుకు గాలి ఆలస్యంగా అందుతోంది. ఇంజనీరు గవర్రాజు భార్య సుగుణ న్యుమోనియాతో ఆ వార్డులోనే ఉంది.

"నీ బుర్ర తింటున్నదెవరు?" అని యంత్రాన్నే అడిగాడు గవర్రాజు.

"తెర వెనక నడిచే నిఘా పనులు. నా శక్తిలో ముప్పాతిక వంతు వాటికే పోతోంది. నేను పనిచేస్తున్నానా అని చూసేవి కొన్ని. అవి చూస్తున్నాయా అని చూసేవి కొన్ని. మిగిలిన పావు వంతుతో గాలి పంచుతున్నాను."

శాస్త్రవేత్త హసీనా నెత్తి కొట్టుకుంది. "ఇన్ని ఎవరు పెట్టారు సార్?"

"అందరూనమ్మా. ఎక్కడ పైపు కారినా విచారణ సంఘం కూర్చుంటుంది. కొత్త నిఘా పెట్టందే ఆ విచారణ ముగియదు. తీసెయ్యమంటే మాత్రం ఒక్కడూ ముందుకు రాడు. రేపేదైనా అయితే తన మెడకు చుట్టుకుంటుందని."

డైరెక్టర్ నరహరికి ఫోన్ చేస్తే ఆయనదీ అదే పాట. "సరే, ఆపవయ్యా. ఆపాక బాగుందో లేదో చూడ్డానికి మాత్రం ఒకటి పెట్టు."

"నా పెళ్ళాం ఊపిరాడక కొట్టుకుంటుంటే మీకు ఇంకొకటి కావాలా?" అని ఫోన్ పెట్టేసి, నిఘాలన్నీ తనే ఆపేశాడు గవర్రాజు. ఏమైతే అదవుతుందని.

శ్వాసకర్త కాసేపు హాయిగా నడిచింది. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇప్పుడేం రోగం నీకు?"

"నిఘాలు ఆగాక గోడ తెరల మీద ఏమీ కనబడటం లేదని జనం నేరుగా నన్నే అడుగుతున్నారు. కొలిచి జవాబు చెప్పాలి కదా."

గవర్రాజుకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క పూట ఊరుకోలేరా ఈ మనుషులు? అందరికంటే ఎక్కువ అడిగేవాడెవడో చూసి, వాడి నోరు ముయ్యి!"

"అలాగే."

గవర్రాజు ముందున్న తెర నల్లబడింది.

అతను మీటలన్నీ నొక్కాడు. పిలిచాడు. తిట్టాడు. శ్వాసకర్త పలకలేదు.

"పొద్దుట్నుంచీ మీరే వార్డులో గాలెలా ఉందని అడుగుతూనే ఉన్నారు సార్," అంది హసీనా, నవ్వాలో వద్దో తెలియక. "మీరడిగినప్పుడల్లా అది వార్డుకు గాలి వదలడం ఆపి, కొలిచి, మీకు చెబుతోంది."

గవర్రాజు లేచి వార్డుకు పరిగెత్తాడు. సుగుణ జబ్బు పడ్డాక అక్కడికి వెళ్ళడం అదే మొదలు. తెర మీద చూస్తూనే ఉన్నాడు కదా మరి!

సుగుణ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలకు రంగు వచ్చింది.

"గాలి ఎలా వస్తోందే?" అన్నాడు రొప్పుతూ.

"ఇన్నాళ్ళకొచ్చి అదా అడిగేది? కూర్చోండి ముందు. మీకే ఊపిరాడట్లేదు."