మెట్ల గోడమీది అద్దం

రండి రండి, దగ్గరికి జరగండి. ఒరేయ్ బక్కోడా, ఆ గోడకు ఆనుకోవద్దన్నానా? ఇలా ఆరుబయటికి వచ్చి నేలమీద కూర్చో. పొద్దున ఎవరో అడిగారు కదా, "మాస్టారూ, మన బడి గోడ బీట మీద ఆ అద్దం ముక్క ఎందుకు అతికించారు?" అని. సూటిగా చెబితే మీ చెవికెక్కదు. దెయ్యం కథగా చెబుతాను. భయపడేవాళ్లు ఇప్పుడే పక్కవాడి చెయ్యి పట్టుకోండి.

బజారు చివర మొండిమెట్లు అని ఒక చోటు ఉంది. ఇల్లు లేదు, మెట్లు మాత్రం ఉన్నాయి. ఎక్కుతూ పోతే పైన... ఆకాశమే. చీకటి పడితే కుక్క కూడా అటు పోదు. పోయినవాళ్లకి చిన్న చప్పుడు వినపడుతుందట — టక్. ఎండుపుల్ల విరిగినట్టు. వెంటనే ఆడమనిషి గొంతు, మెల్లగా... "బాగానే ఉందా?"

ఏది బాగుందని అడుగుతోందో తెలిసినవాడు ఒక్కడే. అద్దాలు కోసే తాత. ఆయన చెప్పిందే మీకు చెబుతున్నాను, నా సొంతం ఒక్క ముక్క లేదు.

ఆ మెట్లు ఒకప్పుడు మూడంతస్తుల మేడవి. కింద దుకాణంలోకి బండి తిరగడం లేదని యజమాని ఒక స్తంభం కొట్టించేశాడు. మేస్త్రీ వద్దంటే, "ఒక్క స్తంభానికేనా?" అని నవ్వాడు. "మంచం కోడు ఒక్కటే తీసి పడుకో, చూద్దాం," అన్నాడు మేస్త్రీ.

కొన్నాళ్లకు మెట్ల గోడ బీటవారింది. మేస్త్రీ ఆ బీటకు అడ్డంగా సన్నని అద్దం ముక్క పెట్టి, రెండు కొసలకూ సిమెంటు మెత్తాడు. "కదిలితే గోడ చెప్పదు, అద్దం చెబుతుంది. ఇది పగిలిన రోజు ఈ ఇంట్లో ఎవరూ పడుకోకండి."

పగిలింది.

యజమాని ఇల్లు ఖాళీ చేయించాడా? లేదు. స్తంభం కట్టించాడా? లేదు. అద్దాల తాతను పిలిచి, "అద్దెకున్నవాళ్లు పనుల నుంచి తిరిగొచ్చేలోపు కొత్త ముక్క పెట్టెయ్. ఊరికే కంగారు పడతారు," అన్నాడు. తాత పెట్టాడు. మళ్లీ పగిలింది. మళ్లీ పెట్టాడు. జ్వరానికి మందెయ్యకుండా థర్మామీటరు మార్చినట్టు!

పై అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ పిల్లలతో ఉండేది. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా అడిగేది.

"బాబాయ్, అద్దం బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉందమ్మా. హాయిగా పడుకో."

ఒకరోజు తెల్లవారకముందే భూమి కదిలింది. తుమ్మినంత సేపు, అంతే. పక్క ఇళ్లలో గిన్నెలు పడ్డాయి. ఆ మేడ మాత్రం... కాళ్లు విరిగిన గొడ్డులా కూలబడింది. లోపలివాళ్లు ఒక్కరూ బయటికి రాలేదు. మెట్లు, వాటి పక్కన మొండిగోడ మిగిలాయి. ఆ గోడ మీద తాత పెట్టిన అద్దం ముక్క — చెక్కు చెదరలేదు.

అప్పట్నుంచి తాత ఆ దారి మానేశాడు. చుట్టూ తిరిగి వెళ్లేవాడు. కానీ ఆయన ఒక్కగానొక్క కూతురు, చంటిపిల్లతో, అదే యజమాని ఇంకో మేడలో కాపురం ఉంటోంది. అక్కడా కింద దుకాణమే. అక్కడా స్తంభం తీసేశారు. అక్కడా బీటే. యజమాని మళ్లీ కబురు పెట్టాడు... తాత ఏం చేశాడంటారు?

పెట్టాడు. వేరే ఇల్లు దొరికే రోజులు కావు. నోరు విప్పితే కూతురు వీధిన పడుతుందని భయం.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే వాన. వీధి దీపాలు ఆరిపోయాయి. తల వంచుకుని నడిచాడు... తలెత్తేసరికి ఎదురుగా మొండిమెట్లు.

టక్.

తాత పైకి చూశాడు.

పైమెట్టు మీద ఎవరో కూర్చున్నారు. అంత వానలోనూ తడవడం లేదు. జుట్టు నిండా సున్నపు దుమ్ము. ఒళ్లో బట్ట... చీకట్లో కుడుతోంది.

"బాబాయ్... అద్దం బాగానే ఉందా?"

"అమ్మా... తప్పయిపోయింది తల్లీ..."

"ఇది కాదు." సూది పట్టుకున్న చెయ్యి చాపింది — కూతురి ఇంటివైపు. "అది. ఇప్పుడే పగిలింది. నా పిల్లలు నిద్రలోనే పోయారు, బాబాయ్... మీ పిల్ల ఇంకా మేలుకునే ఉంది."

పనిసంచి అక్కడే పారేసి పరుగెత్తాడు. వెళ్లి చూస్తే, మధ్యాహ్నం పెట్టిన అద్దం... రెండు ముక్కలు.

"దిగండి! అందరూ దిగండి!" కనపడిన తలుపునల్లా బాదాడు. ఎవరు దిగుతారు? "అన్నాల వేళ ఈ గోలేంటి?" అంది ఒకావిడ. అల్లుడు తువ్వాలు తెచ్చాడు. "మామయ్యా, తడిసి జ్వరం తెచ్చుకున్నట్టున్నారు. లోపలికొచ్చి తల తుడుచుకోండి."

"అద్దం పగిలిందమ్మా!"

"మధ్యాహ్నం నువ్వేగా నాన్నా, నిక్షేపంలా ఉందన్నావు?" అంది కూతురు.

తాత ఆమెను తప్పించుకుని లోపలికి దూరాడు.

మంచం మీది చంటిపిల్లను లాక్కున్నాడు. ఒక్క ఉదుటున మెట్లు దిగాడు.

"నాన్నా! అయ్యో, నా పిల్ల! పట్టుకోండి!"

"అవును, ఎత్తుకుపోతున్నా!" తాత గొంతు చించుకుని అరిచాడు. "చేతనైతే పట్టుకోండి! ఒక్కరు చాలరు, మేడంతా రండి!"

వచ్చింది. ముసలీ ముతకా, ఎంగిలి చేతులతో, చీపుర్లూ కర్రలూ పట్టుకుని మేడంతా వెంటపడింది. వీధి చివరి మైదానం నడుమ దొరకబుచ్చుకుని బురదలో పడేశారు. కూతురు పిల్లను గుండెకు హత్తుకుంది. అల్లుడు చెయ్యెత్తాడు... ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

కాళ్ల కింద నేల కదిలింది. తుమ్మినంత సేపు.

తిరిగి చూస్తే మేడ లేదు. దుమ్ము... అందులోంచి మెట్లు.

"నీకెవరు చెప్పారు నాన్నా?" అంది కూతురు.

"చెప్పాల్సినవాణ్ణి నేను," అన్నాడు తాత. "చెప్పింది ఆవిడ."

మన బడి గోడకు అద్దం పెట్టింది ఆ తాతే. పగిలితే మార్చమని అడగనని నా చేత ఒట్టు వేయించుకుని మరీ పెట్టాడు. గోడ సంగతి పెద్దలకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. "ఇన్నేళ్లు నిలిచింది, ఇప్పుడేం పడుతుంది మాస్టారూ?" అంటారు. అందుకే మిమ్మల్ని ఆరుబయట —

టక్.

...విన్నారా?

ఎవరూ అరవకండి. సంచులు లోపలున్నాయా? ఉండనివ్వండి. బక్కోడా, నీ చెప్పులు కూడా ఉండనీ! ఎవరూ గుమ్మం తొక్కొద్దు. చేతులు పట్టుకుని, గోడకు దూరంగా, అలా నడవండి. ఇళ్లకెళ్లి వేడివేడిగా అన్నం తినండి. తిన్నాక మీ అమ్మానాన్నల్ని దీపాలు పట్టుకుని ఇక్కడికి రమ్మనండి.

పగిలినదాన్ని అలాగే ఉంచుతాను. వాళ్లు చూడాలి.