ఒత్తుల పనికి వచ్చినవాడు

1988 ఆగస్టు 12, శుక్రవారం. వదలని ముసురు. భద్రకాళి చెరువు మీది నుంచి వీచే గాలిలో నాచు వాసన. ఆ రోజు అమావాస్య, కొత్త పని పెట్టుకోవద్దని మా ఆవిడ పొద్దున్నే అంది. నేను కాలేజీలో లెక్కలు చెప్పి బతికినవాణ్ని, తిథి చూసి గడప దాటే అలవాటు లేదు. గొడుగు తీసుకుని హన్మకొండ చౌరస్తాకు బయల్దేరాను.

అక్కడ వెంకట్రాజం రేడియో దుకాణం ఉండేది. దాని పైన రేకుల గది, గదిలో కంప్యూటరు. ఆ రోజుల్లో దాన్ని చూడటానికి జనం చెప్పులు విడిచి లోపలికి వచ్చేవారు. ఒకావిడ కుంకుమ కూడా పెట్టబోయింది. అది వేరే కథ.

అంతకు ఏడాది ముందు ముగ్గురం కలిసి ఒక ప్రోగ్రాం మొదలుపెట్టాం. తెలుగును తెర మీద చూపించి, కాగితం మీద అచ్చు వేసే ప్రోగ్రాం. లెక్క నాది, యంత్రం వెంకట్రాజానిది, అక్షరాలు బాలకిషన్‌వి. బాలకిషన్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి పిల్లవాడు. మగ్గం పని కోసం గళ్ల కాగితం మీద పువ్వులు గీసే చేత్తోనే అక్షరాన్ని చుక్కలుగా దించేవాడు. మా ఒప్పందం కూడా అతను చెప్పిందే. ప్రోగ్రాం ఎవరడిగినా ఊరికే ఇవ్వాలి. లోపల ఏం రాశామో విప్పి చూపాలి. పని చేసిన ప్రతివాడి పేరూ మొదటి తెర మీద ఉండాలి.

పని సగంలో ఉండగా, పోయిన చలికాలంలో అతన్ని కామెర్లు తీసుకుపోయాయి. దవాఖానాలో నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "పేర్లు తియ్యొద్దు సారూ. అమ్మొద్దు." సరేనన్నాను. వెంకట్రాజం కూడా పక్కనే నిలబడి సరేనన్నాడు.

ఒత్తులు మిగిలిపోయాయి. ఒత్తుల్లేని తెలుగు పళ్లూడిన నోరులాంటిది, అమ్మ అని కూడా రాయలేం. మా ఇద్దరి వల్ల అయ్యే పని కాదు, కొత్తవాళ్లు కావాలి. గోడలకు కాగితాలు అంటించాం. 'ఎవరైనా రావచ్చు. పని నేర్పుతాం. జీతం లేదు. పేరు ఉంటుంది.' ఆ రాత నాదే.

సంగతి విని బాలకిషన్ తల్లి లింగమ్మ మమ్మల్ని ఇంటికి పిలిపించింది.

"పెండ్లయినా పనయినా పోయినోళ్లకు ముందుగాల చెప్పాలె సారూ. చెప్పకుంటే అలుగుతరు."

కొడుకు ఫొటో ముందు ఇంత అన్నం పెట్టి, పసుపు బియ్యం వేసి పిలవమంది, పిలిచాం. పిలిచాక గడపలో నీళ్లు పోసి, సల్లగ పోయిరా అని సాగనంపాలట.

"పిలుసుడు అల్కటి పనే. పంపుడే ముఖ్యం," అంటూ నీళ్ల చెంబు తెచ్చింది.

వెంకట్రాజం నవ్వాడు. "పనికి పిలుస్తున్నం గద పెద్దమ్మా! పంపిస్తే ఒత్తులెవరు చేస్తరు?" చెంబు పక్కకు జరిపేసి, గడపలో నిలబడి, చాటింపు వేసేవాడిలా వీధిలోకి కేకేశాడు. "ఎవరైనా రావచ్చునోహో! వచ్చినోళ్లను ఎల్లగొట్టేది లేదు!"

లింగమ్మ నవ్వలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం, అంత వానలోనూ కొత్తవాళ్లు వచ్చారు. టైపు నేర్చుకున్న అనసూర్య, బోర్డులు రాసే యాకయ్య, ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు కొందరు.

"పైసలేమన్న ఇస్తరా సార్?" యాకయ్య అడిగాడు.

"పేరొస్తదే," అన్నాను.

"పేరు మా అయ్య పెట్టనే పెట్టిండు. చాయన్న పోస్తరా?"

అందరూ నవ్వారు. చాయ్ తెప్పించాను. చాలా రోజుల తర్వాత ఆ గదిలో నవ్వు విన్నాను. అనసూర్య కంప్యూటరు ముందు కూర్చుంది. ఆమె పక్కన ఒక స్టూలు ఖాళీగా ఉంది.

కరెంటు పోయింది.

మబ్బుకు బయట అప్పటికే చీకటి పడింది. రేకుల మీద వాన చప్పుడుకు కాసేపు మా మాటలు మాకే వినిపించలేదు, తర్వాత వాన సన్నబడింది. ఎవరో గదిలోకి వచ్చినట్టు గాలి కొంచెం బరువెక్కింది. తర్వాత వాసన. నూలుకు పట్టించిన గంజి పులిస్తే వచ్చే వాసన. కొత్తవాడ సందుల్లో తిరిగినవాళ్లకు అది తెలుస్తుంది. ఈ గదిలో మగ్గం లేదు, నూలు లేదు.

టక్... టక్... టక్...

"కరెంటు లేదు గదమ్మా, ఏం కొడుతున్నవు?"

"నేను గాదు సారూ..." అనసూర్య గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "నా చేతులు ఒళ్లెనే ఉన్నయి."

యాకయ్య అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. మళ్లీ గీశాడు. ఎవరో దగ్గరగా వచ్చి ఊదినట్టు ఆరిపోయింది.

టక్... టక్...

"సారూ... నా పక్కపొంటి కూసున్నదెవరు?"

"ఎవరూ లేరమ్మా."

"ఉన్నరు... భుజం సల్లగ తగుల్తాంది... మ కింద మ ఎట్ల వెట్టాలెనో... చెవుల చెప్తాండు..."

భయమేసింది. అయినా ఆ భయంలోనే ఒక సంతోషం. బాలకిషన్... పిలిస్తే వచ్చాడు. మాట మీద నిలబడ్డాడు.

కరెంటు వచ్చింది. స్టూలు ఖాళీ. కంప్యూటరు దానంతటదే లేచి మొదటి తెర చూపించింది.

అందులో నా పేరు లేదు. బాలకిషన్ పేరు లేదు. హైదరాబాదు కంపెనీ ఒకదాని పేరు, కింద వెంకటరాజం అని. ఆ కింద: 'అనుమతి లేకుండా నకలు తీయరాదు.' ఒత్తు అవసరం పడని మాటలు ఏరుకుని మరీ రాశాడు.

"ఏంది వెంకట్రాజం ఇది?"

"జర తర్వాత మాట్లాడుదాం సార్."

"బాలకిషన్ పేరేది?"

"పోయినోనికి పేరెందుకు సార్? ఒత్తులైతే కంపెనోళ్లు తీస్కుంటరు. మాటిచ్చిన."

యాకయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అంటే మేం ఊరికే చేస్తే నువ్వు అమ్ముకుంటవ్. మంచిగున్నదే అన్నా."

గోడల మీద నా చేతిరాత గుర్తొచ్చింది. ఈ పిల్లల్ని పిలిచింది ఆ రాతే. వెంకట్రాజం నా ముఖం చూడలేదు. డిస్కు బయటికి లాగి, చొక్కా లోపల దోపుకుని, ఇనుప మెట్లు దిగాడు. ధన్ ధన్ మని అతని అడుగులు. అవి ఆగాక... మెట్లు మళ్లీ మోగాయి. నెమ్మదిగా. మేమంతా గదిలోనే ఉన్నాం.

కిటికీలోంచి చూశాను. వెంకట్రాజం స్కూటరు ఎక్కాడు. ఒక క్షణం ఆగి వెనక చక్రం కిందికి కుంగింది. వెనక సీటు ఖాళీ. కానీ ఆ సీటుకు మూరెడు పైన వాన ఆగిపోతోంది... ఆగి, రెండు పక్కలకీ జారుతోంది... భుజాల మీంచి జారినట్టు.

"అన్నతోని పోతాండు సారూ..." అంది అనసూర్య.

ఆ తర్వాత వెంకట్రాజం దుకాణానికి రావడం మానేశాడు. సాయానికి ఎవరినీ పిలవలేదు. అయినా ఏడాది తిరక్కుండా కంపెనీ ఆ ప్రోగ్రాం అమ్మింది. ఒక అచ్చాఫీసులో చూశాను. ఒత్తులన్నీ ముత్యాల్లా ఉన్నాయి. అంత పని ఒక్కడి చేత కాదు. ఆ తర్వాత వచ్చిన చలికాలంలోనే వెంకట్రాజం పోయాడు. మనిషి గడ్డిపోచలా అయ్యాడని విన్నాను.

కర్మకాండ అయ్యాక అతని పెద్దకొడుకు పెద్దులు వచ్చి అడిగాడు: "బాలకిషనంటే ఎవరు సారూ?"

వీలునామాలో ఇల్లు పెద్దులుకు, దుకాణం చిన్నకొడుక్కు, కంపెనీ ఇచ్చే డబ్బు భార్య సమ్మమ్మకు. ఇంట్లో రోడ్డు వైపు గది మాత్రం బాలకిషన్‌కు.

"నాయన అండ్లనే ఉండేది. రెండు కంచాలు వెట్టించుకునేది. ఆయన పోయినంక గడియ లోపటికెళ్లి పడ్డది సారూ."

నాకూ, ఆ సాయంత్రం వచ్చిన పిల్లలకూ ఏమీ రాలేదు. లింగమ్మకూ ఏమీ రాలేదు. ఆమె అడిగింది కూడా ఒక్కటే, ఆ తలుపు దాకా తీసుకుపొమ్మని. తీసుకుపోయాను. కొడుకును పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచి, ముందు తలుపుకు చెవి ఆనించింది. లోపల టక్... టక్... కొడుకు చేతి వాటం తెలిసిన చెవితో చాలాసేపు విన్నది. పిలవకుండానే వెనక్కి జరిగి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరైనా రావచ్చని ఆనాడు కేకేసిరి గద... అండ్ల ఉన్నది నా కొడుకు గాదు సారూ..."