స్థలం చూసినట్టు సంతకం

భూమి మీద కాలు పెట్టకుండా ఇల్లు గీసేవాడా, నీకే చెబుతున్నాను. కుర్చీ దిగకుండానే మనుషులు పడుకునే గది ఎక్కడుండాలో తేల్చేస్తావు. ఎండలో ఒక్క గంట నిలబడడానికి నీకు బద్ధకం. ఆ బద్ధకానికి తెలివి అని పేరు పెట్టుకున్నావు. విజయేందర్ కూడా నీలాంటివాడే. విను.

నా పేరు ఇస్తారి. ఐదో తరగతి దాకా చదివాను. నలభై ఏళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నాను. పునాదికి ముగ్గు పోసే ముందు చెప్పులు విడిచి స్థలమంతా నడుస్తాను. మోకాలు లోతు గుంత తవ్వి, నా ఇత్తడి బిందెతో నీళ్లు పోసి, ఎంతసేపు నిలుస్తాయో చూస్తాను. మా బాపు నేర్పిన పద్ధతి అది. ఆ బిందె అంచు దగ్గర బొటనవేలంత సొట్ట ఉంది.

మందమర్రి శివారులో జ్యోతిరాణి స్థలం. ఆమె భర్త పదకొండేళ్లుగా దుబాయిలో చేసిన కష్టమంతా ఆ మట్టిలోనే పెట్టారు. ఇంకో స్థలం కొనే శక్తి లేదు. అత్తతో, పెళ్లీడు రాని కూతురితో ఆమె ఉండాల్సిన ఇల్లు అక్కడే లేవాలి.

నైరుతి మూలన గుంత తవ్వి బిందెడు నీళ్లు పోశాను. గుటుక్కున మాయమయ్యాయి. ఇంకో బిందె పోశాను. అదీ అంతే. వంగి చూస్తే లోపలి నుంచి చల్లటి గాలి ముఖానికి తగిలింది. పాచి వాసన.

పక్కింటి సమ్మవ్వ గోడ మీద చేతులు ఆనించి నన్నే చూస్తోంది.

"ఆడ బాయి ఉండె ఇస్తారీ," అంది. "నేను పెండ్లై వచ్చిన యేడు పూడ్చిండ్రు. ముందటి రోజు సంది గా జాగ ఆసాముల కోడలు కనవడలే. బాయిల జర తొంగి చూడుండ్రి అంటే ఎవలు చూడలే. బండ్లకు బండ్లు మట్టి పోసిండ్రు."

కొంగు సర్దుకుని లోపలికి పోయింది.

జ్యోతిరాణి ఇంటి నమూనా గీయడానికి ఒప్పుకున్న విజయేందర్‌కు ఆఫీసు కరీంనగర్‌లో. ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. నవ్వాడు.

"కాకా, నీ బిందెను అద్దాల పెట్టెల వెట్టి జనానికి చూపియ్యాలె. నాకు రెండు ఫొటోలు చాలు. గంటల ఏఐ నలభై ఇండ్లు గీసిస్తది."

జ్యోతిరాణితో కలిసి ఓ మధ్యాహ్నం అతని ఆఫీసుకు వెళ్లాను. స్థలం కొలతలు, గదుల లెక్క, ఏ రంగు కావాలో రాసి మీట నొక్కాడు. నిమిషంలో నాలుగు ఇళ్లు కంప్యూటర్ మీద నిలబడ్డాయి. వాకిట్లో ఉయ్యాల, కిటికీలోంచి ఎండ. జ్యోతిరాణి కళ్లు చెమర్చాయి. నాకూ నచ్చింది. అబద్ధం చెప్పను.

తర్వాత నైరుతి మూల పడకగది తెరిచాడు. నున్నటి బండల నడుమ గుండ్రటి రాతి గట్టు.

ఒక్కోసారి ఇది పిచ్చి గీతలు గీస్తుందంటూ, బావి వద్దని రాసి మళ్లీ నొక్కాడు. గట్టు పోలేదు. ఈసారి దాని మీద ఎవరో ఆడమనిషి కూర్చుంది, మనకు వీపు పెట్టి. తడి జుట్టు. మళ్లీ నొక్కాడు. ఆమె కొంచెం పక్కకు తిరిగింది. పక్కన ఓ ఇత్తడి బిందె వచ్చింది.

అంచు దగ్గర సొట్ట ఉంది.

నా బిందె ఇంట్లో ఉంది. మేము పంపిన ఫొటోల్లో అది లేదు. చల్లటి ఏసీ గదిలో పాచి వాసన...

జ్యోతిరాణి నా మోచెయ్యి పట్టుకుంది. "కాకా... ఆమె మెడ తిరుగుతుంది."

విజయేందర్ తొందరతొందరగా ఆ మనిషినీ గట్టునూ తానే చెరిపేశాడు. అక్కడ మంచం బొమ్మ పెట్టి కాగితం తీశాడు. కింద, స్థలాన్ని స్వయంగా చూశాను అని అచ్చు వేసిన చోట పెన్ను పెట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"చూడకుంట చూసిన్నని రాయకు సారూ. గా గదిల మనుషులు పండుకుంటరు."

"చెయ్యి తియ్యి కాకా."

సంతకం పెట్టాడు.

కానీ జ్యోతిరాణి గట్టి మనిషి. కాగితం అందుకోలేదు. "మీరు ఒక్కసారి వచ్చి గా మూలకు నిలవడుండ్రి సార్. మీకేం గాకుంటె నా బిడ్డను ఆడ పండవెడత," అంది.

ఆదివారం మిట్ట మధ్యాహ్నం వచ్చాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. చుట్టుపక్కల ఒక్క కాకి కూడా అరవడం లేదు. బూట్లు విడవమన్నాను. వినలేదు. ఫోన్ చూసుకుంటూ నైరుతి మూలకు నడిచాడు.

ఆగాడు.

కింద నీళ్లు పోస్తున్న చప్పుడు. బిందెతో... మెల్లగా... ఎవరో లోపల పోస్తున్నారు.

నా బిందె నా చేతిలోనే ఉంది. ఖాళీగా.

అతని పెదవులు తెల్లబడ్డాయి. ఫోన్ నుంచి కళ్లు తీయడం లేదు.

"కాకా... చెరిపేసిన బొమ్మ... గిప్పుడు మొకం కనవడుతుంది."

"ఎవల మొకం?"

కాలు ఎత్తబోయాడు. "కాళ్లు వస్తలేవు," అన్నాడు. అంతే.

నేల పగల్లేదు. కుంగలేదు. ఎండిన పెళ్లలా అలాగే ఉంది. నేనూ జ్యోతిరాణీ చంకల కింద చేతులేసి లాగాం. మనిషి వచ్చాడు. బూట్లు అక్కడే నిలబడ్డాయి. పొడి మట్టి మీద... రెండూ అంచుల దాకా నీళ్లతో నిండి.

జ్యోతిరాణి ఆ మూల వదిలేసింది. స్థలానికి అటు చివర చిన్నగా రెండు గదులు కట్టిచ్చాను. ముందు నేను చెప్పుల్లేకుండా నడిచాను. గుంతలో పోసిన నీళ్లు నిలిచాయి. అత్తా, తల్లీబిడ్డలూ అందులోనే పడుకుంటున్నారు.

విజయేందర్ ఆఫీసు మూసేశాడు. హుజూరాబాద్‌లో తల్లి దగ్గర మంచం మీదే ఉంటాడు. కాలు కింద పెడితే నీళ్లు పోసే చప్పుడు వినపడుతుందట. ఏడాదిగా నేల తొక్కలేదు.

పోయిన నెల చూసి వద్దామని వెళ్లాను. ఉతికిన దుప్పటి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అరికాళ్లకు నల్లటి తడి మట్టి. తల్లి గుడ్డతో తుడిచింది. గుడ్డ పిండి వచ్చేసరికి మళ్లీ అంటుకుని ఉంది.

ఈసారి మోకాళ్ల దాకా.