ఆరో కత్తెర

“అమ్మా, ఆ కత్తెర్లు నేనే తీశానేమో, కాస్త చూసి చెప్పండి!”

ఇలాంటి మొర పెట్టుకున్న మనిషిని మరిది ఇంతవరకు చూడలేదు. వదినగారు డిటెక్టివ్. ఆవిడ వెనకాల నోట్సు రాసుకుంటూ తిరిగే అసిస్టెంటు ఈయన. వదిన తెలివంటే ప్రాణం, నేరస్తులంటే ప్రాణభయం.

వచ్చినవాడు కుట్టుపని కార్ఖానాలో ఇస్త్రీ చేసే ముసలాయన. ఇరవై ఏళ్ల కిందట దొంగతనం చేసి జైలుకెళ్లాడు. ఆ సంగతి అందరూ ఏనాడో వదిలేశారు. ఈ సోమవారం సాయంత్రం కార్ఖానాలో ఒక కత్తెర పోయింది. గురువారం దాకా రోజుకొకటి, శుక్రవారం ఒక్కరోజే రెండు. జానెడు పొడుగు కత్తెర్లు! అవి ఎవరి మెడ మీదికొస్తాయోనని అందరూ హడలిపోతున్నారు.

“మొన్నటిదాకా ఇస్త్రీ మామ అన్నవాళ్లే ఇప్పుడు జైలు మామ అంటున్నారు. మా ఆవిడ కూరగాయల కత్తి కూడా దాచేస్తోంది. ఇంతమంది అంటుంటే నా మీద నాకే అనుమానంగా ఉందమ్మా! రేపోమాపో పని కూడా ఊడుతుంది.”

ఆ మధ్యాహ్నమే వదిన కార్ఖానాకు వెళ్లి, అక్కడ గుడ్డలు కత్తిరించే కటింగ్ అక్కను పక్కకు పిలిచింది.

“ఎవరి మీద అనుమానం?”

“ఇంకెవరు, జైలు మామే! కాగితంలో కూడా అదే రాశాను.”

“ఏం కాగితం?”

“ఓనరుగారి తమ్ముడు కాలేజీలో సోషియాలజీ చెబుతారు. ఇక్కడేదైనా పోతే ఎవర్ని అనుమానిస్తారని మా అందరికీ కాగితాలు పంచారు. అప్పట్నుంచి రోజూ వచ్చి అడిగి రాసుకుంటున్నారు.”

“ఎప్పుడు పంచారు?”

“సోమవారం పొద్దున, టీ వేళ.”

వదిన చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూడగానే దొంగ అక్కడే ఉన్నాడని మరిదికి అర్థమైంది. పది నిమిషాల్లో ఓనరు, ఆయన తమ్ముడు, ఇస్త్రీ మామతో సహా అందరూ కటింగ్ బల్ల చుట్టూ చేరారు. మరిది మాత్రం పారిపోవడానికి వీలుగా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“సాయంత్రం పోబోయే కత్తెర గురించి పొద్దున్నే అడగాలని ఎవరికి తోస్తుంది?” అంది వదిన. “లెక్చరరుగారూ, మీ సంచీ ఇలా ఇవ్వండి.”

గుడ్డలో చుట్టిన కత్తెర్లు బల్ల మీద పడ్డాయి.

“పరిశోధనండీ!” లెక్చరరు ముఖం పాలిపోయింది. “దొంగ అని ముద్ర వేస్తే మనిషి దొంగగానే మారతాడని ఒక సిద్ధాంతం. అది నిజమో కాదో చూద్దామని...”

“చూడ్డానికి నీకు బతికున్న మనిషే దొరికాడట్రా!” ఓనరు అరిచాడు.

“ఆగండి. ఇవి అయిదే,” అంది వదిన.

“నేను రోజుకొకటే తీశాను. ఒట్టు!”

ఇస్త్రీ మామ చొక్కా కిందనుంచి ఆరో కత్తెర తీశాడు. అందరూ ఒక్కడుగు వెనక్కి వేశారు. మరిది రెండు వేశాడు.

“ఇదొక్కటి నిన్న నేనే తీశాను,” అన్నాడు ముసలాయన ఏడుస్తూ. “ఎలాగూ దొంగనే అంటున్నారు కదా అని చెయ్యి చాచాను. పట్టుకుంటే హాయిగా అనిపించిందమ్మా. ఆ హాయికే భయమేసి మీ దగ్గరకు పరుగెత్తుకొచ్చాను. ఇక నేను పనిలోకి రాకూడదా?”

లెక్చరరు చెయ్యి అలవాటుగా పెన్ను కోసం జేబులోకి పోయింది. వదిన చూసిన చూపుకు అక్కడే ఆగిపోయింది.

కటింగ్ అక్క నలిగిన చొక్కా ఒకటి తీసుకెళ్లి ఇస్త్రీ బల్ల మీద పరిచింది. ఆమె కళ్లు మాత్రం ఆ కత్తెర మీదే ఉన్నాయి.

“సాయంత్రానికి ఇవ్వాలి. కానియ్యి, ఇస్త్రీ మామా.”