ఏడింటికి వెచ్చబడే తొట్టె

మొదటి తొట్టె గాజుకు ఇస్త్రీపెట్టె ఆనించినా రెండో తొట్టెలోని చేప తెల్లగానే ఉంది. కొవ్వొత్తి పెట్టినా అంతే. చివరికి డాక్టర్ మేఖల తన అరచేయి ఆ గాజుకు ఆనించి గంటసేపు కూర్చుంది. గదిలో ఆ మూలనున్న రెండో తొట్టెలో నీరు మూడు డిగ్రీలు వెచ్చబడి, అందులోని చేప నారింజ రంగుకు తిరిగింది.

సంగతి పెద్దదేం కాదు. ఆ చేపలో రంగు తయారుచేసే జన్యువు చల్లటి నీళ్లలో నిద్రపోతుంది. నీరు వెచ్చబడితే మేలుకుంటుంది. రంగు పూర్తిగా రావడానికి గంట పడుతుంది. రెండింటిలో ఏ తొట్టె గాజు మీది సెన్సరైనా మనిషి ఒంటి వేడిని మాత్రమే పసిగట్టి, ఎంత దూరాన ఉన్నా దాని జంట తొట్టెలో హీటర్‌ను నడుపుతుంది. ఫోన్లో రెండు ముక్కలు కొట్టి చేతులు దులుపుకోవడం కాదిది. రంగు వచ్చిందంటే మీకోసం ఎవరో గంటసేపు కూర్చున్నట్టే.

విశాఖలో మేఖల కోసం కూర్చునేవాళ్లెవరూ లేరు. ప్రయోగం వదల్లేక అమ్మ దినాలకు వెళ్లలేదు. ఆనాటి నుంచి అరకులోని అక్క హైమ మాట్లాడటం మానేసింది. మూడేళ్లయింది. అందుకే ఒక తొట్టె అక్కకు పంపి, వాడే పద్ధతి కాగితం మీద రాసి పెట్టింది. తను మాత్రం రోజూ సాయంత్రం ఏడింటికి తన తొట్టెకు చేయి ఆనించి కూర్చునేది. నెలరోజులు ఆమె చేప తెల్లగానే ఉంది. కార్తీకం చలి మొదలయ్యాక ఒక సాయంత్రం నారింజ రంగు వచ్చింది! మర్నాడూ వచ్చింది. మేఖల ఆనందంతో వెక్కి వెక్కి ఏడ్చింది.

వారం ఆగి అరకు బస్సెక్కింది.

"ఏటే, చెప్పాపెట్టకుండా వచ్చీసినావు?" గుమ్మంలోనే నిలదీసింది హైమ. అయినా లోపలికి రానిచ్చింది.

తొట్టె వంటింటి గట్టు మీద ఉంది. ఏడయింది. హైమ గోరువెచ్చని పాలలో తోడు వేసి, గిన్నెను తొట్టె గాజుకు ఆనించి, పైన తువ్వాలు కప్పింది.

గోరువెచ్చని పాలు సరిగ్గా అరచేయంత వేడి ఉంటాయని అంత చదువుకున్న మేఖలకు ఒక్కనాడూ తట్టలేదు.

"నీ కాగితం ఎవులు చదివినారు గానీ, చలికి పెరుగు తోడుకోక చచ్చీదాన్ని. ఇది రోజూ ఏడయ్యేసరికి వెచ్చబడతాది. అందుకే పంపినావనుకున్నాను," అంది హైమ. గాజు తడిమి మొహం చిట్లించింది. "ఈవేళేటో చల్లగానే ఉంది. పాడైపోనాదేటి?"

మేఖల తన రెండు చేతులూ ఒళ్లో దాచుకుంది.

"పాడవలేదక్కా. నేను వెళ్లిపోయాక మళ్లీ పనిచేస్తుంది."