కెరటం కోసం ఆగే పాట

"ఈ కాగితంలో మా తాత ఊపిరి ఎక్కడుందో సూపించండి."

పలాసలోని అద్దె గదిలో పనిచేసుకుంటున్న మణిదీప్ తలెత్తాడు. వానకు తడవకుండా చున్నీ కింద దాచి తెచ్చిన కాగితాన్ని ఆ అమ్మాయి బల్లమీద పెట్టింది. పేరు యామిని. ఉద్దానం తీరంలో వల లాగేటప్పుడు ఆమె తాత కూర్మయ్య పాడే పాట అది. పాటలను స్వరాలుగా రాసుకునేందుకు మణిదీప్ నిర్వహించే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆమే రాసింది. పాట మధ్యలో కూర్మయ్య కెరటం వచ్చేవరకు ఆగుతాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ ఖాళీలన్నిటినీ ఎనిమిదేసి తాళపు మాత్రలతో నింపేసింది.

"కొలత లేనిదాన్ని ఎలా రాయమంటారు?"

"ఒకపాలి వచ్చి వల తాడు పట్టుకోండి, తెలుత్తాది."

ఆదివారం తీరానికి వెళ్లి పట్టుకున్నాడు. కెరటం రాకముందే లాగి, ఇసుకలో కూలబడ్డాడు.

"ఏటి బాబూ, పెళ్లికొడుకులా అంత తొందరేటి?" అన్నాడు కూర్మయ్య.

యామిని నవ్వు దాచుకోలేదు.

ఆ పాటను తీరంలో ఫోన్లో రికార్డు చేస్తే గాలిహోరే మిగిలింది. ఇంట్లో పాడిస్తే, చేతిలో తాడు లేని కూర్మయ్యకు ఎక్కడ ఆగాలో తోచలేదు.

"సాఫ్ట్‌వేర్‌లో వచ్చే ఏడాది చేసే పనుల్లో నీదే మొదటిది," అన్నాడు మణిదీప్ ఒక సాయంత్రం, ఆమె చేయి వదలకుండా.

ఏ పని ముందు చెయ్యాలో తేల్చడానికి డిసెంబరులో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల ఆన్‌లైన్ సమావేశం జరిగింది. వచ్చిన విరాళాలు ఒక్క పనికే సరిపోతాయి. సాఫ్ట్‌వేర్ ఫోన్లో పనిచెయ్యాలని నలభై మంది కోరారు. కొలత లేని విరామానికి రెండే ఓట్లు: ఒకటి యామినిది, మరొకటి ఎవరో అపరిచితుడిది. క్రమం మార్చే అధికారం మణిదీప్‌కు ఉంది. అతడు మార్చలేదు. ఓటూ వేయలేదు.

"తాతకి డయాలసిస్ మొదలెట్టారు. ఏడాది ఆగమంటావేటి?"

"నీ కోసం మారిస్తే పక్షపాతమవుతుంది, యామినీ."

"పాట కోసం మార్సమన్నాను. నాకోసమని నువ్వనుకున్నావు."

ఆ తరువాత ఆమె ఫోన్ ఎత్తలేదు.

వేసవిలో కూర్మయ్య పోయాడు. ఆ కబురు విన్నాక, విరాళాలతో నిమిత్తం లేకుండా, మణిదీప్ సొంతంగా ఆ పని పూర్తిచేశాడు. లాప్‌టాప్‌తో తీరానికి వెళ్లాడు. యామిని తాడు పట్టుకుని ముందు వరసలో ఉంది. అతడికి చోటివ్వలేదు.

"ఇప్పుడు ఎంతసేపు ఆగినా ఇందులో రాయొచ్చు. ఒక్కసారి పాడు."

ఆమె పాడింది. ఆగింది. వద్దనుకుంటూనే అతడు లెక్కపెట్టాడు. ఎనిమిది. మళ్లీ పాడింది. మళ్లీ ఎనిమిదే.

"యామినీ, తాత ఇలా ఆగేవాడు కాదు."

"తాత మంచం పట్టినకాడ్నుంచీ నీ కాగితం సూసే పాడుతన్నాను," అంది అతడివైపు చూడకుండా. "నాకిప్పుడు ఇదే వొత్తాది."

కెరటం వచ్చి, తాడును తడిపి, వెళ్లిపోయింది. ఆమె ఇంకా లెక్కపెడుతూనే ఉంది.