మూడో పిడికెడు

తుంగభద్ర కర్నూలు నడివీధుల్లోకి వచ్చిన వరద ఏడాది నుంచి లెక్కపెడితే అది పద్నాలుగో ఏడు. ఉల్లిగడ్డ పీకే కాలం. సోమవారం.

కోడుమూరులో విశ్వాసమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకొని గడప మీద కూర్చుంది. ప్రతి సోమవారం పది గంటలకు కూతురు స్తుతి ఢిల్లీ నుంచి ఫోను చేస్తుంది. వారానికి ఒక్కసారే అక్కడ మిషనరీలకు ఇంటివాళ్ళతో మాట్లాడే సమయం. పదకొండు నెలల్లో ఒక్క సోమవారం తప్పలేదు. ఈరోజు పదకొండయింది... పన్నెండయింది... ఫోను పలకలేదు! తానే చేస్తే స్విచ్చాఫ్ అని వస్తోంది. పొయ్యి మీద అన్నం మాడి వాసన వచ్చినా ఆమెకు లేవబుద్ధి కాలేదు. తల్లి కడుపుకు ముందే తెలుస్తుందంటారు.

స్తుతి హైదరాబాదులో నర్సు చదువుకు పోయి, అక్కడ మోర్మన్ల సంఘంలో చేరింది. వాళ్ళూ క్రీస్తునే కొలుస్తారు గానీ దారి వేరు, టీ కాఫీలు కూడా ముట్టరు. చదువయ్యాక పద్దెనిమిది నెలలు మిషనరీ సేవకు పోతానంది. తండ్రి ఏసన్న ఊరి చర్చిలో సంఘ పెద్ద. తాతల నాటి విశ్వాసం వాళ్ళది. "మన చర్చిలో లేని దేవుడు ఆడేం దొరికినాడే నీకు?" అని అరిచాడు. పిల్ల వెళ్ళే రోజు ప్రార్థన చేసి పంపమని కాళ్ళ దగ్గర మోకరిస్తే, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపుకు మొక్కి పోయింది స్తుతి!

అంతటితో ఆగలేదు ఆయన. ఆ ఇంట్లో అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోసేముందు మనిషికొక పిడికెడు బియ్యం తీసి చర్చి కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి పోతే ముసలి వితంతువుల కడుపు నిండుతుంది. మూడు పిడికిళ్ళు పడే కుండ అది. "ఈ సంఘం ఇడిసి పోయిన దాని పేరున ఈ కుండలో గింజ పడగూడదు," అని పదిమంది ముందు అన్నాడు ఏసన్న. విశ్వాసమ్మ ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి రెండే వేస్తోంది. ప్రతిసారీ మూడో పిడికెడు తీసి, మళ్ళీ డబ్బాలోకి జారవిడిచేది. బిడ్డ మీద కప్పిన దుప్పటి తన చేత్తో తానే లాగేస్తున్నట్టు...

"ఏం వదినా, అన్నం మాడ్చి వీధికంతా వాసన సూపిస్తాండావు?" అంటూ పక్కింటి రహమత్ బీ వచ్చింది. జాకెట్లు కుట్టే మనిషి, మెడలో టేపు అట్లాగే ఉంది.

"పాప ఫోను రాలేదు రహమత్!"

"రాకపోతే ఏమాయె? ఇద్దరిద్దరుగా తిరుగుతారంట గదా, ఒకర్నొకరు ఇడిసి అంగడికి గూడా పోగూడదంట గదా! టీ తాగని పిల్లలకు ఏమైతాది? నాకైతే టీ మానమంటే ఆ పొద్దే సస్తా!"

విశ్వాసమ్మ నవ్వలేదు. "పోయిన వారం మొగం పీక్కపోయి ఉండె. వాక్యం జెప్ప రమ్మని పిలిచినోళ్ళే తలుపు తీయలేదంట, ఎండలో రెండు గంటలు నిలబడినారంట. ఒళ్ళు నొప్పులు మా, తగ్గిపోతాదిలే అనె..."

అప్పుడే ఏసన్న చేను నుంచి వచ్చాడు. ఆడవాళ్ళ ముఖాలు చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఫోను రాలేదయ్యా..." అంది విశ్వాసమ్మ.

ఏసన్న ముఖం మెల్లగా పాలిపోయింది. జేబులోంచి ఫోను తీసి రహమత్ బీ చేతికిచ్చాడు.

"శనివారం నుంచి ఎవరో హిందీలో మాట్లాడతాండారు. ఆడమనిషి. బ్యాంకు పేరు జెప్పి మోసం జేసేటోళ్ళనుకొని కట్ జేస్తి. నిన్న గూడా చర్చిలో ఉంటే..."

"ఎన్నిసార్లు?"

"తొమ్మిది," అన్నాడు తల దించుకొని.

విశ్వాసమ్మ కెవ్వుమంది. "అది నీ నెంబరే రాసిచ్చిపోయిందయ్యా! ఆపదొస్తే ఎవరికి చెయ్యాలని ఫారంలో అడిగితే, అమ్మ ఏడుస్తాది, మా నాయనకే చెయ్యండని రాసిందంట! తలుపేసుకున్న నాయన పేరు రాసిందయ్యా నా బిడ్డ! తొమ్మిదిసార్లు కట్ జేస్తివా..!"

ఏసన్న గోడకు ఆనుకొని కూలబడ్డాడు. రహమత్ బీ ఆ నెంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు. రహమత్ బీ ఉర్దూలో మాట్లాడింది, విన్నది, మళ్ళీ అడిగింది. విశ్వాసమ్మకు ఒక్క ముక్క తెలియదు. ఆమె ఆ ముఖాన్నే చూస్తోంది. ఆ ముఖం నల్లబడింది... కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి...

"చెప్పు రహమత్! ఉండాదా ల్యాదా?"

"ఉండాది వదినా! ఉండాది! డెంగీ అంట. శుక్రవారం పడిపోయిందంట, రెండు దినాలు తెలివి ల్యాకుండా ఉండె. ఇప్పుడు కండ్లు తెరిసింది. గండం ఇంకా పూర్తిగా దాటలేదంట, రెండు దినాలు సూడాలంట. ఈ మాట్లాడే పిల్ల దాని జోడీది, మేఘాలయ పిల్ల. రిన్ అంట పేరు. శుక్రవారం నుంచి మంచం పక్కనుంచి లేవలేదంట. జోడీని ఇడిసి పోగూడదు గదా అంటాది వదినా!"

తర్వాత ఫోనులో సన్నటి గొంతు వినిపించింది. "మా..."

"వచ్చేయ్ తల్లీ! చాలు! ఇంటికి వచ్చేయ్!"

"ఇంకా ఏడు నెల్లే మా... దేవునికి మాటిచ్చినా. పూర్తి జేసి వస్తా." కాసేపు ఊపిరి శబ్దమే. "నాయన ఉండాడా?"

విశ్వాసమ్మ ఫోను భర్త చెవి దగ్గర పెట్టింది. ఏసన్న పెదవులు కదిలాయి, మాట రాలేదు. సంఘమంతా వినేలా ప్రార్థన చేసే మనిషి! చివరికి, "గంజి తాగితివా?" అన్నాడు. అవతల పిల్ల ఏడుస్తూ నవ్వింది.

ఫోను పెట్టేశాక విశ్వాసమ్మ గబగబా వంటింట్లోకి పోయి డబ్బాలో చెయ్యి పెట్టింది. "ఇంక నీ మాట వినను. నా బిడ్డ పిడికెడు నేను వేస్తా. అది వేయకనే ఈ గతి వచ్చింది!"

ఏసన్న వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వేయొద్దు. దానిది పడిపాయె."

"ఏందీ?"

"పొద్దున చేనికి పోయేముందు నేనే వేస్తాండా. అది పోయిన మర్నాటి నుంచి." ఆయన గోడ వైపు తిరిగాడు. "పదిమందిలో అన్న మాట... యెనక్కి తీసుకునేదానికి నోరు రాలేదే."

కుండను ఆదివారాలు తానే మోసుకుపోతానని ఆయన ఎందుకు పట్టుబట్టేవాడో విశ్వాసమ్మకు అప్పుడు తెలిసింది. ఆమె అక్కడే కూర్చొని ఏడ్చింది. భయం పోలేదు. ఇంకా రెండు దినాలు ఉన్నాయి. కానీ ఆ భయాన్ని ఇప్పుడు ఇద్దరు మోస్తున్నారు.

మరుసటి పొద్దున ఆమె ఎసరు పెట్టేసరికి ఏసన్న కుండ ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. దాపరికం లేకుండా, తలుపు బార్లా తీసి, ఒక్కొక్క పిడికెడే వేశాడు. ఒకటి. రెండు. మూడోది వేసి కళ్ళు మూసుకొని కాసేపు ఉన్నాడు. మళ్ళీ డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"నాలుగోది ఎవరికయ్యా?"

"దాని జోడీ పిల్ల పేరు ఏమని జెప్పె రహమత్ బీ?" అన్నాడు ఏసన్న, పిడికిలి కుండ మీద పట్టుకొని.